ఈశాన్యం మూల ఉప్పు గుంత

మార్చి ఆరో తేదీ, గురువారం. గుండ్లపోచంపల్లిలో కొత్తింట్లోకి వచ్చిన మూడో రోజు. ఆ ఉదయం సర్వపిండి, గడ్డపెరుగు తిన్నారని భానుప్రకాశ్‌కు ఇప్పటికీ గుర్తు. ఎందుకంటే తిన్న గిన్నె కడుగుదామని గీజరు నల్లా తిప్పిన అతని అత్తగారు శంకరమ్మ, గిన్నె అక్కడే విసిరేసి హాల్లోకి వచ్చిపడింది.

"గీ ఇల్లు నన్ను కొడ్తాంది అల్లుడా," అన్నది చెయ్యి విదిలించుకుంటూ. "మొన్నటిదాక ఉన్న కిరాయింట్ల ఎన్నడన్న కొట్టిందా? నేను ఆదివారం షామీర్‌పేటకు పోత."

భానుప్రకాశ్ భార్య పోయి ఆరేళ్ళయింది. షామీర్‌పేటలో చేపలమ్ముకునే శంకరమ్మ, మనవరాలు భవితకు జడ వేసిపోదామని అప్పట్లో నాలుగు రోజులకు వచ్చి ఉండిపోయింది. భవిత ఇప్పుడు డిగ్రీలో ఉంది, జడ తనే వేసుకుంటుంది. అయినా సాయంత్రం ఇంటికొస్తే ఎవరో ఒకరు 'ఇంత ఆలిశమేంది' అని కసురుకునే ఇల్లు అది. అంతకంటే పెద్ద అదృష్టం భానుప్రకాశ్‌కు తెలియదు. ఆమె అప్పుడే కట్టిపెట్టుకున్న చీరెల మూట గుమ్మం దాటకూడదని అతను నిర్ణయించుకున్నాడు.

మరునాడు సుచిత్ర నుంచి ఎలక్ట్రీషియన్ ధర్మేందర్ వచ్చి ప్లగ్గు విప్పి చూశాడు.

"తొర్రలు మూడున్నయి సార్, వైర్లు రెండే. ఎర్తు వైరు గోడల సగం దాకొచ్చి ఆగింది. బిల్డరు ఊకె సూపుకు వెట్టిండు."

"మిగతా ఇండ్లకు?"

"గవన్ని గంతే."

అతను గీజరులో పాడైన కాయిలు మార్చాడు. కరెంటు లీకయితే క్షణంలో పడిపోయే స్విచ్చు ఒకటి బిగించాడు. గేటు పక్కన మీటరు దగ్గర ఎనిమిదడుగుల గుంత తీయించి రాగి రాడ్డు దింపి, గోడలో ఆగిన ఎర్తు వైరును దానికి కలిపాడు. అది ఈశాన్యం మూల కావడం యాదృచ్ఛికం. "బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస పోసుకుంట పైదాక రావాలె. ఎండకాలం రోజు ఓ బిందెడు నీళ్ళు వడాలె," అని చెప్పి వేరే పనికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే భానుప్రకాశ్ ముప్పై ఇళ్ళ కాలనీ గ్రూపులో నాలుగు పేజీల జాగ్రత్తలు రాశాడు. మెచ్చుకోలుగా రెండు బొటనవేళ్ళ బొమ్మలు వచ్చాయి. ఒకటి భవితది. రెండోది పొరపాటున తనే నొక్కుకున్నాడు.

శనివారం తెల్లవారుతుండగా, బట్టలకు బొగ్గు అంటకుండా పంచె కట్టి, వరసలు తప్పకుండా పెదవుల్లో లెక్కపెట్టుకుంటూ గుంత నింపాడు. చివర్లో రాగి చెంబుతో నీళ్ళు పోశాడు. బిందె దొరకలేదు. ఎదురింటి తారాబాయి చీపురు ఆపి చూసింది.

"పొద్దు పొద్దుగాల ఏంది అన్నా గిది?"

"ఎర్తింగ్ చెల్లె. మా అత్తమ్మకు ఇంట్ల దెబ్బ తగుల్తాంది. గిది ఉంటే తగలదు."

"ఎవ్వలు జెప్పిండ్రు?"

"సుచిత్ర కాడ ధర్మేందర్ అని ఉంటడు. చిన్న మిషను వట్టుకొని గోడ ఎంబడి తిరిగి, దోషం ఏడున్నదో జెప్తడు."

తారాబాయి చీపురు పక్కన పెట్టి దండం పెట్టుకుంది. భానుప్రకాశ్ అది చూడలేదు. స్నానం చేసి వచ్చేసరికి రాడ్డుకు పసుపు, కుంకుమ ఉన్నాయి. పక్కనే శంకరమ్మ చేతులు తుడుచుకుంటోంది.

"ఇప్పుడు కొడ్తలేదు," అని గేటు అవతలున్న తారాబాయికి కాస్త గట్టిగానే చెప్పింది.

ఆదివారం పొద్దున గేటు ముందు పద్నాలుగు బిందెలు వరసలో ఉన్నాయి.

"ఇది కరెంటుకు సంబంధించింది అమ్మా. రాడ్డును ముట్టొద్దు," అన్నాడు భానుప్రకాశ్.

'ముట్టొద్దట' అన్న మాట వరస చివరికి చేరేసరికి అందరూ చెప్పులు విప్పేశారు. తొమ్మిదింటికి కొబ్బరికాయలు వచ్చాయి. పదింటికి తారాబాయి, గుంతకు అలంకారమని, అతుకుల అతుకుల లైట్ల దండ తెచ్చింది. దానికి ప్లగ్గు లేదు. వరండా సాకెట్లో రెండు వైర్లనూ గుచ్చి, అగ్గిపుల్లలతో బిగించింది. భానుప్రకాశ్ అరుస్తూ పరుగెత్తేలోపే దండలోని ఒక అతుకు జారి తడి మట్టిలో పడింది.

పడిపోయే స్విచ్చు టక్‌మని పడింది. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

తారాబాయి చెంపలు వేసుకుంది. "అమ్మ ఒప్పుకుంటలేదు. అతుకుల వైరు నా కాడికి తేవద్దంటాంది."

"అచ్చం గదే జరిగింది చెల్లె," అనేశాడు భానుప్రకాశ్, సాకెట్లోని అగ్గిపుల్లలు పీకేస్తూ. ఆ తర్వాత అతనేం చెప్పినా ఎవరూ వినలేదు.

భానుప్రకాశ్ ఫోను చేస్తే గంటలో ధర్మేందర్ వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఒకావిడ కాళ్ళు మొక్కబోయింది.

"నిజం జెప్పు తమ్మీ," అని బతిమాలాడు భానుప్రకాశ్.

ధర్మేందర్ నిజమే చెప్పాడు. దేవత లేదు, గుంతే ఉంది అన్నాడు. తారాబాయి చివరిదాకా భక్తిగా విని, "మా ఇంట్ల గూడ వెడ్తవా? నియమాలేమన్న ఉన్నయా?" అని అడిగింది.

"మస్తున్నయి," అన్నాడు ధర్మేందర్. "తడి చేతుల్తోని స్విచ్చు ముట్టొద్దు. అగ్గిపుల్లల్తోని వైరు గుచ్చొద్దు. పడిపోయే స్విచ్చు నెలకోసారి నొక్కి జూడాలె."

ఒక్కో నియమాన్నీ ఆడవాళ్ళు గొంతు కలిపి పలికారు. అవన్నీ భానుప్రకాశ్ రాసిన నాలుగు పేజీల్లోవే. మధ్యాహ్నానికి ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు పేర్లు రాయించుకున్నారు.

రాత్రి అన్నాల దగ్గర భానుప్రకాశ్ కలిపిన ముద్ద పక్కన పెట్టాడు. "అందర్ని మోసం జేసినట్టున్నది అత్తమ్మా."

"నువ్వేం జేసినవ్? పసుపు వెట్టింది నేను."

"పాపం, నీకు తెల్వక..."

"నాకు తెల్వదా? నువ్వు రాసింది భవిత సదివి ఇనిపించింది. నేను రెండో పేజీల నిద్రవోయిన. నాలుగు పేజీలు ఎవ్వలు సదువుతరు అల్లుడా? గందుకే నేను జిటికెడు పసుపు వెట్టిన."

భవిత తల వంచుకుని నవ్వు మింగింది. 

"మరి షామీర్‌పేట?" అన్నాడు భానుప్రకాశ్ మెల్లగా.

"ఇన్ని గుంతలకు నీళ్ళు వోస్తున్నరో లేదో ఎవ్వలు జూడాలె? తిను, సల్లగైతాంది."

తిన్నాక ఆమె మూట విప్పి చీరెలు అలమారలో సర్దింది. గేటు దాకా వెళ్ళి గుంతలో చెంబెడు నీళ్ళు పోసి వచ్చింది. కరెంటు కొడుతుందేమోనని, ధర్మేందర్ నేర్పినట్టు గడియను వేళ్ళ వెనకవైపుతో తాకి చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసింది. ఆ తలుపుకు కరెంటు లేదని చెప్పే ధైర్యం భానుప్రకాశ్‌కు లేకపోయింది.