ఉల్లిగడ్డదే తప్పు

సూరత్ నగరం, వడోద్‌లోని తెలుగు మరమగ్గాల సర్వ సంక్షేమ సంఘం వారి ఫుడ్ ప్రాసెసర్‌లో బ్లేడు మొండిదైందన్న వదంతిని సంఘం అధ్యక్షులు శ్రీ ఉమాకాంత్ గారు తీవ్రంగా ఖండించారు. ఆ వారం సంఘ భవనంలో జరిగిన ఖండన అదొక్కటే. ఉల్లిగడ్డలు అంతమాత్రపు భాగ్యానికి కూడా నోచుకోలేదు.

వదంతికి మూలం పద్మారాణి. సంఘం వంటశాల పెత్తనం ఆమెది. ఆదివారం వార్షికోత్సవం. ఊరి నుంచి వచ్చి మగ్గాల మీద బతుకుతున్న కుటుంబాలన్నీ బగారన్నానికి కూర్చుంటాయి. ఉల్లిగడ్డలు బస్తాల్లో దిగాయి. వాటిని తరగడానికి అధ్యక్షులవారు నిరుడు బహూకరించిన యంత్రం ఉండనే ఉంది. దాని ముందువైపు దాతగారి ఫోటో అంటించి ఉంటుంది కాబట్టి, మూత తీయడానికి వంగినవాళ్ళంతా ఆయనకు దండం పెడుతున్నట్టే కనిపిస్తారు.

కొన్నాళ్ళు అది ఒద్దికగానే తరిగింది. ఈమధ్య మాత్రం కోయడం మానేసి కొట్టడం మొదలుపెట్టింది. ఉల్లిగడ్డలు పోలీసు స్టేషను నుంచి విడుదలైనట్టు ఒళ్ళంతా కమిలి బయటికొచ్చేవి.

"బ్లేడు మొండిగైంది సేఠ్. కొత్తది తెచ్చి బిగిస్తె అయిపాయె," అంది పద్మారాణి ఉమాకాంత్ గారితో. ఆమె లెక్కన అది డబ్బాలో పసుపు అయిపోయిందని చెప్పడం లాంటిదే.

ఆమె భర్త మార్కండేయ ఉలిక్కిపడ్డాడు. అతను ఉమాకాంత్ గారి షెడ్డులో మగ్గాలు బాగుచేస్తాడు. పైగా ఈ వార్షికోత్సవంలో అతన్ని సంఘానికి సహాయ కార్యదర్శిని చేస్తామని అధ్యక్షులు మాటిచ్చారు. అందుకోసం తెల్ల అంగీ కుట్టించుకుని, అద్దం ముందు చేతులు జోడించడం సాధన చేస్తున్నాడు.

"ఏందే, సేఠ్ ఇచ్చిన బ్లేడునే మొండిదంటవా? జర నోరు మూసుకోరాదు!"

"మగ్గంల కత్తెర మొండిగైతె నువ్వేం జేస్తవ్?"

"మారుస్త."

"మరి?"

"మగ్గం మీద సేఠ్ ఫోటో లేదు గదనే!"

ప్రజాస్వామ్యం మీద అపారమైన గౌరవం ఉన్న అధ్యక్షులు వెంటనే నిజనిర్ధారణ కమిటీ వేశారు. సభ్యులు వంటశాలలో చాయ్ తాగారు. ఫాఫ్డా తిన్నారు. బ్లేడును గౌరవప్రదమైన దూరం నుంచి చూశారు. తప్పు ఉల్లిగడ్డదేనని తేల్చారు. ఇక్కడి ఉల్లిగడ్డ పుట్టుకతోనే మొండిదట. మన దిక్కు ఉల్లిగడ్డయితే పెద్దల ఫోటో చూసి తనంతట తానే ముక్కలయ్యేదట. సరేనని వేరే మార్కెట్ ఉల్లిగడ్డలు తెప్పించారు. వాటికీ సంస్కారం లేదని తేలింది.

సంఘంలో వయసులో పెద్దదైన నర్సవ్వ దొడ్డుప్పు వేసి తిప్పమంది. తిప్పారు. ఉప్పు మెత్తగా అయింది, బ్లేడు ఎప్పటిలాగే ఉంది. కమిటీ దీన్ని సగం విజయంగా ప్రకటించి, మళ్ళీ చాయ్ తాగింది.

అప్పుడు కతర్‌గామ్‌లో వజ్రాలకు సానపట్టే పరుశురాం ముందుకొచ్చాడు. "వజ్రమే నా మాట వింటది, ఇనుమెంత!" అన్నాడు. బ్లేడును పట్టుకుపోయి, మఖమల్ గుడ్డలో చుట్టి తెచ్చాడు. గుడ్డ విప్పగానే అందరూ "అబ్బో" అన్నారు. బ్లేడు అద్దంలా మెరుస్తోంది. ఆడవాళ్ళు అందులో చూసుకుని బొట్లు సర్దుకున్నారు. అంచున ఉండే రంపపు పళ్ళు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. పరుశురాం వాటిని లోపాలనుకుని నున్నగా అరగదీశాడు.

పద్మారాణి దానిమీద బొటనవేలు రాసి చూసింది. "గిప్పుడు దీన్ని ఉయ్యాలల పిల్లకిచ్చినా ఏం గాదు," అంది. ఆ మాట ప్రశంసగా స్వీకరించబడింది.

శనివారం సాయంత్రం సర్వసభ్య సమావేశం. వేదికపై యంత్రం, దానికి పూలదండ. అధ్యక్షులు స్వయంగా ఒక ఉల్లిగడ్డను లోపల వేసి మీట నొక్కారు. యంత్రం గర్జించింది. ఉల్లిగడ్డ గిరగిరా తిరిగింది. మూత తీస్తే కాస్త వెచ్చబడి, పూర్తి ఆరోగ్యంతో బయటికొచ్చింది.

ఉమాకాంత్ గారు నాయకులు ఊరికే కాలేదు. ఉల్లిగడ్డను చేత్తో పైకెత్తి చూపించారు.

"సోదర సోదరీమణులారా! లోకమంతా కోతలు, చీలికలు! కానీ మన సంఘం యంత్రం ఒక చిన్న ఉల్లిగడ్డ మనసు కూడా నొప్పించలేదు. ఇది అహింస పుట్టిన గడ్డ. ఈ బ్లేడు ఆ గడ్డ గౌరవాన్ని నిలిపింది!"

చప్పట్లు మోగిపోయాయి. పైకప్పు రేకులు అదిరాయి. ముందు వరుసలో కూర్చున్న పద్మారాణి లేచి నిలబడింది. మార్కండేయ ఆమె కొంగు పట్టి లాగాడు. కొంగు మాత్రమే కిందికొచ్చింది.

"అహింస మంచిదే సేఠ్. రేపు ఇంతమందికి కూర ఎట్లయితది? బ్లేడు మొండిగైంది. కొత్తది కొనుండ్రి. గంతే."

అధ్యక్షులు చిరునవ్వు నవ్వారు. "ఈ చెల్లెమ్మ నాలుకకు ఉన్న పదును సంఘ ఐక్యతకు మంచిది కాదు," అన్నారు. మళ్ళీ చప్పట్లు. సహాయ కార్యదర్శి పదవి పరుశురాంకు వెళ్ళిపోయింది.

పదవి ఆశ పోయినవాడికి భయం కూడా పోతుంది. ఆదివారం పొద్దున్నే మార్కండేయ తనే బండి తీసి, "ఎక్కు," అన్నాడు. ఇద్దరూ పాండేసరాలో ఒక దుకాణానికి వెళ్ళారు. ఏ యంత్రమో చెబితే దుకాణదారు దానికి సరిపోయే కొత్త బ్లేడు తీసిచ్చాడు. కమిటీ లేకుండానే ఇచ్చాడు. వంటశాలలో బిగించి తిప్పితే, ఉల్లిగడ్డలు తమ మొండితనమంతా మరిచిపోయి సన్నటి ముక్కలయ్యాయి. మార్కండేయ కళ్ళవెంట నీళ్ళు కారాయి. కొంత ఉల్లిగడ్డ వల్ల, కొంత తెల్ల అంగీ వల్ల.

"నువ్వన్నదే నిజం," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఆ మాట వినలేదు. యంత్రం ఆపి, మళ్ళీ చెప్పించుకుంది.

విందు అద్భుతంగా జరిగింది. మా సానపట్టు మహిమ చూశారా అని అధ్యక్షులు పరుశురాంకు శాలువా కప్పారు. పరుశురాం వినయంగా తల వంచాడు. పాత బ్లేడు అప్పటికే వంటశాల గోడకు అద్దంగా స్థిరపడిందని అతనికి తెలియదు.

భోజనాలయ్యాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే వంటశాలలోకి వచ్చి పద్మారాణి చెవిలో గుసగుసలాడారు. "మా ఇంట్ల మిక్సీ గుడ గట్లనే కొడుతుంది. గా బ్లేడు యాడ దొరికె?" అందరికీ దుకాణం గుర్తులు చెప్పింది. చివరికి నర్సవ్వ వచ్చి తల నిమిరింది.

"సక్కగ అడిగినవు బిడ్డా. మొండి బ్లేడని మాకు ఎర్క లేదా?"

"మరి ఎర్కయితే ఒక్కలన్న నోరు తెర్వకపోతిరి?"

"అట్లంటవేంది? మేమంత నీ ఎనకనే ఉంటిమి గద!"

పద్మారాణికి నిన్నటి సభ గుర్తొచ్చింది. నిజమే. చప్పట్లు వినిపించింది వెనక నుంచే.