ముందుగదికి పీడీఎఫ్

ముందుగది ఆయనది. పెళ్ళాం కుట్టుమిషను దాన్ని కబ్జా చేసింది. ఇందులో రెండో మాట లేదు.

టైపింగ్ సెంటర్లో ఇరవై ఏళ్ళుగా పరుల అక్షరాలు సర్దే ఆ మనిషిని అందరూ మార్జిన్‌గారనే పిలుస్తారు. ఎవరెవరి పేరాలకో చోటు చూపించినవాడికి సొంత ఇంట్లో పడకకుర్చీ వేసుకునే చోటు లేదు.

అందుకని కంప్యూటర్లో ఒప్పందం రాశాడు. ముందుగది భర్తకు, వెనక వసారా భార్యకు. తన అక్కగారికి పంపితే సరి. ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు.

"వర్డులో పంపితే అక్క ఫోనులో అక్షరాలు చెదిరిపోతాయి. ఎవరైనా వేలు పెట్టొచ్చు. అది పచ్చిమట్టి," అన్నాడు భార్యతో. "పీడీఎఫ్ కాల్చిన ఇటుక. అక్షరాల రూపం కూడా తనలోనే మూటగట్టుకుని వెళ్తుంది. ఎక్కడ తెరిచినా గీత కదలదు."

"తప్పు రాస్తే?"

"తప్పూ కదలదు."

"మాట మార్చదన్నమాట," అందావిడ దారం కొరుకుతూ. "మీవైపు చుట్టాల్లో అలాంటివాళ్ళు తక్కువ."

ఆయన విననట్టు స్నానానికి వెళ్ళాడు. వచ్చి, పీడీఎఫ్ చేసి, అక్కకూ బావమరిదికీ పంపాడు. మళ్ళీ చదవలేదు. తను టైపు చేసింది తనే చదవడం నామోషీ.

భోజనాల వేళకు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది నీకు. ముందుగది దానికిచ్చి నువ్వు వసారాలోకి పోతానన్నావు. వసారా ఊడ్చుకోవడం కూడా నీదేనన్నావు. చదువుతుంటే కళ్ళు చెమర్చాయిరా."

"అక్కా, అది పొరపాటు. సరిచేసి పంపుతాను."

"ఎలా పంపుతావు? దీని తర్వాత నీ పేరుతో ఏ కాగితం వచ్చినా దొంగదేనని కింద రాశావుగా."

ఆ వాక్యం మాత్రం అచ్చంగా ఆయనదే.

ఫైలు తెరిచి వెతికాడు. అదే ఫాంటు, అదే సైజు. కామా కూడా ఉండాల్సిన చోటే ఉంది. ఇరవై ఏళ్ళ కంటికి అతుకు దొరకలేదు.

"ఎప్పుడు నేర్చావే?"

"మీ పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాగా. స్నానానికి అరగంట పడుతుంది మీకు. ఇక అతుకు తెలియకుండా వేయడమంటారా, రోజూ నేను చేసే పనే."

సెంటర్లో ఒక్కడికీ ఆ చెయ్యి లేదు. ఆ సంగతి ఒప్పుకున్నాడు, మనసులోనే.

పడకకుర్చీ వసారాకు చేరింది. ఒక కొస ఆవిడే పట్టింది. కుర్చీ ఇక్కడికెందుకు వచ్చిందని ఎవరడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు.

"ఆ విషయం నేను మాట్లాడను."