మా ఇంట్లో ఎవరూ ఊరికే ఆడుకోరు

మా ఇంట్లో కొన్ని నెలలపాటు ఎవరూ ఊరికే ఆడుకోలేదు. ఈ మాట సిగ్గుపడి కాదు, గర్వపడి చెబుతున్నాను.

ఊరికే ఆడుకోవడమంత దుబారా ఇంకోటుందా, మీరే చెప్పండి! బంతిని గోడకు కొడతారు, వెనక్కొస్తుంది, మళ్ళీ కొడతారు. ఏమొచ్చింది? చెమటొచ్చింది. అదే బంతి మా ఇంట్లో గోడకు తగిలిందంటే బలం, వేగం, కోణం వరసపెట్టి వస్తాయి. పాప బంతి విసరడం మానేసేదాకా వస్తూనే ఉంటాయి.

మా పాపకు ఆరేళ్ళు. బడికి పంపడం లేదు, ఇంట్లోనే చదువు. బెంచీలు లేవు, బెత్తం లేదు. ఆటతో, కుతూహలంతో, కుటుంబ జీవితంతో చదువు! ఈ మాటలు నావి కావు, ఫోన్లో అమ్మల గ్రూపువి. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. దానంతటది ఆగలేదు లెండి, తమ్ముణ్ణి ఎత్తుకునే మనిషి కావలసొచ్చి మావాళ్ళు ఆపారు. అందుకని పాపకు చెప్పబోయే ప్రతి పాఠమూ ఓ అరగంట ముందు వంటింట్లో నిలబడి నేను నేర్చుకుంటాను. ఉల్లిపాయలు మాడిన వాసన వచ్చిందంటే, ఆ రోజు పాఠం కష్టమైనదని ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

ఇంతకీ కుటుంబ జీవితంతో చదువంటే ఏమిటనుకున్నారు? ఇంట్లో మనిషికో సబ్జెక్టు!

మా మామగారు చరిత్ర. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన గొంతు సవరించుకుంటే చాలు, "పాపా, పరుగెత్తుకురా! తాతయ్య పాత సంగతులు చెబుతున్నారు!" అని కేకేస్తాను. ఆయన సవరించుకున్నది దగ్గొచ్చి. పాపం, ఇప్పుడు దగ్గడానికి బాల్కనీలోకి వెళుతున్నారు. పేపరు చదవాలంటే స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంటున్నారు. మా బళ్ళో క్లాసులు ఎగ్గొట్టేది ఆయనొక్కరే.

మా అత్తగారు లెక్కలు. ఇంట్లోనే మిషను కుడతారు. భిన్నాలను చేత్తో పట్టుకుని చూడాలని గ్రూపులో చెప్పారు కదా అని, పాప చేతికి కత్తెరిచ్చి "ఏదీ, సగం చూపించు" అన్నాను. చూపించింది. అది ఎవరో కుట్టమని ఇచ్చిపోయిన పరదా.

"ఆ మిగతా సగం కూడా ఇలా ఇమ్మను, నెత్తిన వేసుకుని ఇల్లు వదిలి పోతాను" అన్నారు అత్తగారు.

ఎక్కడికీ పోలేదు. ఆ పరదా ఇప్పుడు మా కిటికీకే ఉంది. సగం కిటికీకి.

మా ఆయన సైన్సు. ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. నీళ్ళలో ఏవి మునుగుతాయి, ఏవి తేలుతాయి అనే పాఠానికి పాప బకెట్లో చెంచా వేసింది, సీసా మూత వేసింది, ఆ తర్వాత వాళ్ళ నాన్న ఫోను వేసింది. ఆయన నోరు తెరవబోయారు. "పిల్లలో కుతూహలాన్ని చంపకండి" అన్నాను. నోరు మూసుకున్నారు. ఎవరో ఒకర్ని చంపకపోతే కుదరదన్నట్టు మాత్రం చూశారు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా ఇంట్లో చెలగాటమంటే పిల్లికీ ప్రాణసంకటమే!

మొన్న పాప స్టూలు మీంచి దభీమని పడింది. మామూలు తల్లయితే ఏం చేస్తుంది? ఎత్తుకుంటుంది. బంగారం లాంటి అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటుంది! నేను ముందు అడిగాను: "కిందికే ఎందుకు పడ్డావు? పైకెందుకు పడలేదు?" పిల్ల ఏడుపు మధ్యలో ఆపి, కాసేపు ఆలోచించి, "ఎత్తుకున్నాక చెప్తా" అంది.

ఇంత చక్కటి ఏర్పాటు మా వదినగారికి నచ్చలేదు. వదినంటే మా ఆయన అక్కగారు, బళ్ళో టీచరు. ఫోన్ చేసి, "ఆదివారం వస్తున్నా. పిల్లను నాలుగు ప్రశ్నలడుగుతా. బెల్లం కొట్టిన రాయిలా నిలబడిందంటే వచ్చే నెల మా బళ్ళో వేసేద్దాం" అన్నారు. మా ఆయన "సరే అక్కా" అనేశారు. ఆ మాట కొత్త ఫోన్లోంచి అన్నారు కాబట్టి నేనూ ఏమీ అనలేకపోయాను.

పరీక్ష పాపకు కాదు, నాకని నాకు తెలీదా? ఎనిమిదో క్లాసు చదివినామె ఏం చెబుతుందిలే అని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా కొన్ని మాటలు వినబడతాయి. వారమంతా ఆటల జోరు పెంచాను. తినే ముద్దకో ప్రశ్న, అల్లే జడకో ఎక్కం.

ఆదివారం వదిన వచ్చారు. టీ తాగి, కప్పు పక్కన పెట్టి, "ఏమే కోడలా, పదమూడులోంచి ఐదు తీసేస్తే?" అన్నారు.

"ఎనిమిది."

"ఐసు ఎందుకు కరుగుతుంది?"

పాప అచ్చం నా గొంతుతో, నేను చేతులు తిప్పినట్టే తిప్పుతూ చెప్పింది. వదిన కనుబొమలు పైకి లేచాయి. నా కాలు నేలమీద నిలవలేదు!

"బాగానే చెప్పావే! సరే, ఇప్పుడు నువ్వు నన్నేదైనా అడుగు."

దానికీ తయారుచేసే ఉంచాను. ఆకాశం నీలంగా ఎందుకుంటుందని అడగాలి. వదిన కుర్చీ వెనక నిలబడి పెదాలు కదిపి గుర్తుచేశాను కూడా.

పాప నావైపు చూడలేదు. "అత్తా, మీ బళ్ళో లాంగ్ బెల్ కొడతారట కదా, పక్కింటక్క చెప్పింది. నిజంగా కొడతారా?"

"ఓ, రోజూ కొడతాం."

"కొడితే?"

"కొడితే ఏముందే, పుస్తకాలు సంచీలో పడేసి అందరూ ఇంటికి పరుగు. పోయి ఆడుకుంటారు."

"ఊరికేనా?"

"ఊరికే కాక, ఆడుకుంటే జీతమిస్తారటే!"

పాప నావైపు తిరిగింది. "అమ్మా, మనం ఇంటికెప్పుడెళ్తాం?"

అత్తగారి మిషను ఆగింది. స్నానాలగదిలో పేపరు తిప్పుతున్న చప్పుడూ ఆగింది.

మంచి ప్రశ్న! ఇలాంటి ప్రశ్నను వదలకూడదని గ్రూపులో ఎన్నిసార్లు చెప్పారు! ఇల్లంటే ఏమిటి, పిట్టలకు ఇల్లేది, అగ్గిపుల్లలతో ఇల్లెలా కట్టాలి... "ఇల్లంటే" అని మొదలుపెట్టాను కూడా. పాప బుద్ధిగా చేతులు కట్టుకుని, వినడానికి సర్దుకుని కూర్చుంది.

ఆ కట్టుకున్న చేతులు చూశాను. నేను బడికెళ్ళిన రోజుల్లో నాకు ఎవరూ నేర్పకుండా వచ్చింది ఒక్కటే, లాంగ్ బెల్ కొట్టగానే పరుగెత్తడం.

వంటింట్లోకెళ్ళి కంచమూ గరిటే తెచ్చి, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను.

గడియ తీసుకుని అందరికన్నా ముందు పరుగెత్తింది మా మామగారు. ఆయన వెనకాలే పాప.

వదిన చెవుల మీంచి చేతులు తీసి, "పిల్ల ఇక్కడే చదువుకోనీ. బాగానే చెబుతున్నావు" అన్నారు. "కానీ రోజూ నాలుగింటికి ఈ కంచం మోగలేదనుకో, వచ్చి తీసుకుపోతా. పిల్లనీ, మా నాన్ననీ!"

కాబట్టి తల్లులారా, ఇంటి చదువంత వరం ఇంకోటి లేదని ఇప్పటికీ నా వాదన. కాకపోతే, బడికెళ్ళే పిల్లలకు సాయంత్రం తిరిగి రావడానికి ఓ ఇల్లుంటుంది. ఇంట్లో చదివే పిల్లలకూ ఒకటి ఉంచండి.

ఇప్పుడు నాలుగు కొట్టగానే తాతా మనవరాలూ వెనక గదిలో దూరి తలుపేసుకుంటున్నారు. లోపల ఏదో దొర్లుతుంది, ఏదో కూలుతుంది, ఆ వెంటనే నవ్వులు. అది ఏం ఆటో నాకు తెలీదు. నిన్న ఆగలేక తలుపు తట్టి, "ఏం చేస్తున్నారు?" అన్నాను.

"బెల్లయిపోయిందమ్మాయ్!" అన్నారు మామగారు లోపల్నుంచి.

ఆ మూసిన తలుపును ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ఎన్నాళ్ళకో ఒక మంచి పని చేశాననిపించింది.

నిమిషం తిరక్కుండా ఒకావిడ అడిగింది: "చాలా బాగుందండీ! ఇది ఏ సబ్జెక్టు?"