మామగారి ఎడమ మర

డ్రాయింగు గారు అబద్ధం ఆడబోయే ముందు గొంతు సవరించుకుంటారు. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో ఈ సంగతి ఆయనకి తప్ప ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఇంట్లో అందరూ అంటే ఆయన భార్య టీచరమ్మ ఒక్కతే.

ఆ రోజు ఆయన రెండుసార్లు సవరించుకున్నారు. ఎందుకంటే టీచరమ్మ అలమర తెరిచి, చలికాలం దుప్పటి మడతల్లోంచి ఇటుకంత బరువున్న నల్లటి మోటారొకటి బయటికి తీసింది.

"ఇదేమిటండీ?"

"అదా... నీళ్ళ పంపుకి స్పేరు."

"ఇలాంటివి ఇంకో రెండు ఉన్నాయి."

"పంపు పాతదైపోయింది కదా. ముందుజాగ్రత్త."

"దుప్పట్లో ఎందుకు పెట్టారు?"

"చెమ్మ తగలకుండా."

టీచరమ్మ ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. పిల్లాడు తప్పు లెక్క చేస్తుంటే ఎక్కడ ఆపాలో, ఎక్కడ చివరిదాకా చెయ్యనివ్వాలో ఆవిడకి తెలుసు. మోటారుని మళ్ళీ దుప్పట్లో చుట్టి, పైన ఇంకో దుప్పటి కప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. డ్రాయింగు గారు తన సమయస్ఫూర్తికి తనే మురిసిపోయారు.

ఆయన సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరయ్యారు. స్కేలు లేకుండా మూర పొడుగు గీత తిన్నగా గీసేవారని వీధిలో చెప్పుకుంటారు, అందుకే ఆ పేరు. ఇంటి వెనక గదిలో ఆయనకో మిల్లింగ్ మిషను ఉంది. ఇనప ముక్కని దాని బల్ల మీద పట్టకారు లాంటి వైసులో బిగిస్తే, పైన కట్టర్ గిర్రున తిరుగుతూ దాన్ని చెక్కుతుంది. బల్లని కుడిఎడమలకి జరపడానికో హ్యాండిల్, ముందువెనకలకి ఒకటి, కట్టర్‌ని దించడానికి ఒకటి. ప్రతి హ్యాండిల్‌కీ చుట్టూ సన్నటి గీతలుంటాయి. ఒక్క గీత తిప్పితే బల్ల వెంట్రుకలో నాలుగో వంతు జరుగుతుంది.

అది మామగారి మిషను. ఆయన పేరుపడ్డ పనిముట్ల మేస్త్రీ. పోయే ముందు పన్నెండేళ్ళ కిందట అల్లుణ్ణి పిలిచి, "చెయ్యి నిలకడగలవాడివి, దీన్ని నువ్వే ఉంచుకో" అన్నారు. అల్లుడు జీవితంలో అందుకున్న బిరుదు అదొక్కటే. ఆఫీసువాళ్ళిచ్చిన శాలువా ఎక్కడుందో ఆయనకి గుర్తు లేదు గానీ, ఆ మాట మాత్రం వారానికోసారైనా టీచరమ్మకి గుర్తుచేసేవారు.

ఆ నిలకడే ఆరు నెలలుగా తప్పింది.

మొదట కుడిచేతి రెండు వేళ్ళు వణికాయి. చలి అనుకున్నారు. ఎండాకాలం వచ్చాక నీరసం అనుకున్నారు. తర్వాత అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఒక గీత తిప్పుదామని హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి మూడు గీతలు తిప్పేది. డాక్టరు దగ్గరికి వెళితే ఆ జబ్బుకి ఒక పేరు పెడతాడు, పేరు పెడితే అది ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది. టీచరమ్మకి చెప్పడమా, అది అంతకంటే కష్టం. ఆవిడ తండ్రి మెచ్చిన చెయ్యి అది. అది వణుకుతోందని ఆవిడ మొహంలోకి చూసి చెప్పలేననుకున్నారు.

ఇలా ఉండగా వీధి చివరి టైలరు వచ్చాడు. కుట్టు మిషనులో సూదిని ఆడించే చిన్న మీట విరిగింది. ఆ రకం మీటలు ఇప్పుడెక్కడా దొరకడం లేదు. విరిగిన రెండు ముక్కలూ ఆయన చేతిలో పెట్టి, ఇదే నమూనా, ఇది పోతే ఇంక నాకు దిక్కులేదు అని చెప్పి వెళ్ళాడు. డ్రాయింగు గారు మొదటి మీట చెడగొట్టి, ఇనుములో లోపం అన్నారు. రెండోది చెడగొట్టి, ఈమధ్య ఇనుమే బాగా రావడం లేదన్నారు. మూడు వారాలుగా టైలరు దుకాణం తలుపులు మూసుకుని ఉన్నాయి. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే డ్రాయింగు గారు చుట్టు తిరిగి వెళ్తున్నారు.

అందుకు పుట్టిందీ పథకం. హ్యాండిళ్ళు మూడూ పీకి, వాటి చోట మూడు మోటార్లు బిగించి, కంప్యూటరుకి తగిలిస్తే సరి. కొలతలు కంప్యూటరు చెబుతుంది, మోటారు తిప్పుతుంది, ఇక చెయ్యి వణికితే వణకనీ. మిషను ఆధునికమైందని వీధి వీధంతా అనుకుంటుంది. అసలు కారణం మోటార్ల వెనక దాక్కుంటుంది.

అడ్డల్లా టీచరమ్మే. తండ్రి పోయాక ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టగా ఆయన చూడలేదు. అయినా తండ్రి తిప్పిన హ్యాండిళ్ళు పీకుతానంటే ఊరుకుంటుందా? కాబట్టి ఆవిడని నాలుగు రోజులు ఎక్కడికైనా పంపాలి. ఆయన టీచరమ్మ అక్కగారికి రహస్యంగా ఫోన్ చేసి, వదినా, మీ చెల్లెలు ఈమధ్య డీలాగా ఉంటోంది, రమ్మని పిలవండి, నేను చెప్పానని మాత్రం చెప్పకండి అన్నారు. వదినగారు కారణం కూడా అడక్కుండా ఒప్పేసుకుంది. మర్నాడే పిలుపొచ్చింది, మర్నాడే టీచరమ్మ సంచీ సర్దుకుంది. లోకంలో ఆడవాళ్ళని ఒప్పించడం ఇంత తేలికని తెలియక ఇన్నేళ్ళు వృథా చేశానని ఆయన బాధపడ్డారు.

మొదటి రోజు హ్యాండిళ్ళు ఊడదీశారు. చిన్న మర ఒకటి వేళ్ళలోంచి జారి ఎటో దొర్లిపోతే, దానికోసం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నేల మీద పాకారు. రెండో రోజు రెండు మోటార్లు బిగించారు. మూడో రోజు మూడోది బిగిస్తుంటే బల్ల ముందు గాడిలో రెండు ఇనప దిమ్మలు కనిపించాయి. ఇవెప్పుడొచ్చాయి అనుకుని, మామగారి కాలం నాటివై ఉంటాయని సర్దిచెప్పుకున్నారు. తనకి అడ్డం కాలేదు, వదిలేశారు. తర్వాత మోటార్లతో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని, ఏ మోటారు ఎటు తిరిగితే ఏది ఎటు కదులుతుందో కంప్యూటరుకి ఎక్కించారు. పుస్తకంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించారు.

నాలుగో రోజు పొద్దున కట్టర్ దించి చూశారు, దిగింది. బల్లని ముందుకీ వెనక్కీ జరిపి చూశారు, జరిగింది. కుడిఎడమలు కూడా చూద్దామనుకునేసరికి గుమ్మంలో టైలరు నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

డ్రాయింగు గారు గొంతు సవరించుకున్నారు. "సరిగ్గా సమయానికి వచ్చావు. ఇక ఈ గదిలో చేత్తో పనిలేదు. చూస్తూ ఉండు."

విరిగిన ముక్కలు రెండూ కలిపి వైసులో బిగించారు, కట్టర్ పక్కనే పెట్టి కొలతలు తీసుకోవచ్చని. అలా చూపించడంలో ఒక దర్జా ఉందని కూడా. కట్టర్ గిర్రున తిరుగుతోంది. పని మొదలయ్యే ముందు బల్ల కుడివైపు చివరికి వెళ్ళి ఆగాలి. ఆయన కంప్యూటరు మీద ఆ బటన్ నొక్కారు.

బల్ల ఎడమవైపుకి బయల్దేరింది.

ఆయన మళ్ళీ నొక్కారు. బల్ల ఇంకా వేగంగా ఎడమకే పోయింది. టైలరు బతుకుతెరువు వైసులో కూర్చుని, తిరిగే కట్టర్ కిందికి నెమ్మదిగా ఊరేగుతోంది. ఆపే బటన్ మీద వేలు పెడదామంటే, వేలు ఆ బటన్ చుట్టూ తిరుగుతోంది గానీ దాని మీద నిలవడం లేదు. టైలరు ఆ వేలిని చూశాడు. డ్రాయింగు గారికి బల్ల కంటే దానికే ఎక్కువ భయం వేసింది.

కట్టర్‌కీ వైసుకీ మధ్య బొటనవేలంత సందు ఉందనగా బల్ల ఠంగుమని ఆగిపోయింది. గాడిలోని ఇనప దిమ్మ దాన్ని అడ్డుకుంది. మోటారు ఒప్పుకోలేదు. గీపెట్టింది, మూలిగింది, పొగ వదిలింది, చివరికి ఇంట్లో కరెంటంతా తీసుకుని పోయింది. కట్టర్ ఆగింది, ఫ్యాను ఆగింది, పక్కింటివాళ్ళ మాటలు వినిపించేంత నిశ్శబ్దం అయింది. టైలరు గబగబా వచ్చి ముక్కలు విప్పి చూసుకున్నాడు. గీత కూడా పడలేదు.

"ఇది ఎడమ మరండీ" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

రేపు రావలసిన టీచరమ్మ సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఊడిన హ్యాండిళ్ళని గానీ, పొగని గానీ, మొగుణ్ణి గానీ ఆవిడ తిట్టలేదు. సంచీ దించి, టైలరుకి విషయం చెప్పింది. వాళ్ళ నాన్నది ఎడంచేతి వాటం. ఎడంచేత్తో తిప్పడానికి వీలుగా, బల్లని కుడిఎడమలకి జరిపే ఆ ఒక్క హ్యాండిల్‌కి ఆయన స్వయంగా ఎదురు మర, అంటే చుట్లు ఎదురు వైపు తిరిగే మర, కోసి పెట్టుకున్నారు. ప్రతి మిషనులోనూ బల్ల కుడికి పోతే, ఇందులో ఎడమకి వస్తుంది.

డ్రాయింగు గారు నోరు తెరిచారు. పన్నెండేళ్ళు ఆ హ్యాండిల్ తిప్పింది తనే. ఒక్కరోజు కూడా తప్పు వైపు తిప్పలేదు. ఆ సంగతి చేతికి తెలుసు, తలకి ఎప్పుడూ చెప్పలేదు. చెయ్యి పక్కకి తప్పుకోగానే ఆ తెలివి కూడా దానితోనే పోయింది. ఇది తలుచుకుంటే ఆయనకి కళ్ళు చెమర్చాయి.

"ఆ దిమ్మలు..." అన్నారు.

"వెళ్ళే ముందు రోజు నేనే బిగించాను."

"నీకు స్పానరు పట్టడం వచ్చా?"

"మా నాన్న మీకంటే ముందు నాకు నేర్పారండీ. పీట వేసుకుని నిలబడి తిప్పేదాన్ని."

ముప్ఫై మూడేళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేమని ఆయన అడిగారు. మీరెప్పుడూ అడగలేదుగా, మామగారి బిరుదు గురించి చెబుతూనే ఉన్నారుగా అని ఆవిడ జవాబు.

ఆవిడ మోటార్లు విప్పి పక్కన పెట్టింది, హ్యాండిళ్ళు మళ్ళీ ఎక్కించింది, కరెంటు బాగుచేయించింది. కొత్త ఇనప ముక్క బిగించి హ్యాండిల్ పట్టుకుని, గీతల వంక చూసి ఆగిపోయింది. కళ్ళజోడు పైకి తోసి చూసింది, కిందికి లాగి చూసింది.

"కనిపించడం లేదండీ" అంది మెల్లగా.

డ్రాయింగు గారి చెయ్యి పోయింది గానీ చూపు చెక్కుచెదరలేదు. ఆయన ఆవిడ పక్కన వంగారు. ఇంకా రెండు గీతలు, ఇంకొకటి, చాలు అన్నారు. ఆవిడ తిప్పింది. ఆ మధ్యాహ్నమంతా ఒకళ్ళు చెప్పడం, ఒకళ్ళు తిప్పడం. నడుమ పాపం గొడవ కూడా జరిగింది. అరగీత అంటే అరే, ముప్పావు కాదు అని ఆయన, మీ అర ఎప్పుడూ ముప్పావే అని ఆవిడ. సాయంత్రానికి మీట పూర్తయింది. టైలరు దాన్ని రెండు చేతులా అందుకుని వెళ్ళి దుకాణం తెరిచాడు. కుట్టు మిషను చప్పుడు వీధి ఈ చివరిదాకా వినిపించింది.

అప్పుడు డ్రాయింగు గారు ఒక నిర్ణయానికి వచ్చారు. తప్పు ఒప్పుకోవాలి. కనీసం చిన్నదైనా ఒప్పుకోవాలి. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"మీ అక్కకి ఫోన్ చేసి నిన్ను పిలిపించింది నేనే."

"తెలుసండీ. మీ ఫోన్ పెట్టగానే అక్క నాకు చేసింది. ఒప్పుకోమన్నది నేనే."

"నువ్వా? ఎందుకు?"

టీచరమ్మ చేతికంటిన నూనె గుడ్డతో తుడుచుకుంది. "నా ఎదుట చెయ్యి వణకనివ్వడం మీకు సిగ్గయిపోయింది. నేను లేకపోతేనైనా కాస్త కుదురుగా ఉంటారనుకున్నాను. మిషను పాడవకుండా దిమ్మలు పెట్టాను గానీ, మీకు ఏం పెట్టాలో తెలియలేదు. అక్క ఇంట్లో మొదటి రోజంతా ఏడుస్తూనే ఉన్నాను. రెండో రోజు వాళ్ళ వీధిలోని నరాల డాక్టరుతో మాట్లాడాను. సోమవారం పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు."

సోమవారం మోటార్లు మళ్ళీ బిగించాలి అందామనుకున్నారు డ్రాయింగు గారు. బిగించండి, ఎటు తిప్పాలో నన్నడిగి బిగించండి, కానీ మంగళవారం అని ఆవిడ ముందే చెప్పేసింది. ఇక పారిపోవడానికి ఒక్క సందు కూడా లేదు. విచిత్రం ఏమిటంటే, ఆయనకి ఆరు నెలల తర్వాత మొదటిసారి గుండె తేలికపడింది.

"పెద్ద డాక్టరు కదా, మంచి చొక్కా వేసుకోవాలి" అన్నారు. తర్వాత తన వేళ్ళ వంక చూసుకున్నారు. "ఆ చొక్కాకి బొత్తాలు... నువ్వే పెట్టాలి. నావల్ల కావడం లేదు."

"అది నాకు కొత్తగా చెబుతున్నారా?" అంది టీచరమ్మ. "ఆరు నెలల నుంచీ మీకు ఎలాంటి చొక్కాలు కొంటున్నానో ఒక్కసారైనా చూసుకున్నారా?"

డ్రాయింగు గారు తల వంచి ఒంటి మీది చొక్కా చూసుకున్నారు. తల మీంచి తొడుక్కునే రకం అది. మెడ దగ్గర్నుంచి అంచు దాకా ఒక్క బొత్తం కూడా లేదు.