ఇంకొక్క ముక్క తీస్తే

ఆ పొద్దున కుటుంబరావు అనుకున్న పని ఒక్కటే: ఎండెక్కకముందే జగ్గయ్యపేటలో తన పప్పుల కొట్టు తెరిచి కందిపప్పు బస్తాలు దింపించుకోవడం. చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా భార్య ఆండాళమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కాలేజీకి వెళ్తూ అమ్మాయి ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నానండి. నిన్న ఉన్నవన్నీ పోగొట్టుకుందంట. ఇవాళ ఎట్టాగైనా రాబట్టుకుంటుందంట."

"ఏంటి పోగొట్టుకుంది?"

"ఏమో. పేకముక్కలంది."

కుటుంబరావు చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో అతను తండ్రి అప్పగించిన కొట్టును పేకాటలో పోగొట్టాడు. ఆండాళమ్మ నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశాక మళ్లీ ముక్క ముట్టలేదు; ఈ పప్పుల కొట్టు ఆ తర్వాత పెట్టుకున్నదే. ఆ సంగతి తెలియనివ్వకుండానే కూతురు నాగవల్లిని పెంచారు. తన జబ్బే దానికీ అంటుకుందనుకుంటూ నందిగామ బస్సెక్కాడు.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ బాలస్వామిని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"ఇక్కడ పేకాట ఎక్కడ ఆడతారు?"

"మేడమీద చివరి గదిలోనండి. పొద్దుటి బ్యాచ్ అయిపోవచ్చింది. మీరూ ఆడాలంటే మేడంగారిని అడగండి."

మేడమే ఆడిస్తోందని వినేసరికి అక్కడే నిలబడి పోలీసులకు ఫోన్ చేశాడు.

మేడెక్కి చూస్తే, చివరి గదిలో నాలుగు పేక కట్టలు, గుట్టగా చింతపిక్కలు, వాటి ముందు నాగవల్లి, ఇంకొందరు పిల్లలు. సైకాలజీ లెక్చరర్ అక్షయ అతనికి కుర్చీ వేసింది.

"ఇది పరిశోధనండి. డబ్బుల్లేవు, చింతపిక్కలే. ఒక్కో ముక్కకి కొన్ని వస్తాయి, కొన్ని పోతాయి. రెండు కట్టలు మాత్రం ఇచ్చినట్టే ఇచ్చి అంతకు మించి లాగేస్తాయి. పోయేకొద్దీ పిల్లలు భయపడి వదిలేస్తారా, రాబట్టుకోవాలని వాటినే పట్టుకుని వేలాడతారా అని చూస్తున్నాం. కావాలంటే మీరూ ఓసారి ఆడి చూడండి."

వద్దనాల్సింది. అనవసరంగా కూతుర్ని అనుమానించానన్న సిగ్గులో, పోలీసుల సంగతి కూడా మరిచి కూర్చుండిపోయాడు.

మొదటి ముక్కకే దోసెడు పిక్కలొచ్చాయి. ఆ తర్వాత వచ్చినవీ పోయాయి, ముందున్నవీ పోవడం మొదలైంది.

"నాన్నా, ఆ కట్ట మంచిది కాదు. నిన్న నేను దాంతోనే మునిగా. ఇవాళ వదిలేశా."

"నువ్వుండమ్మా. ఇప్పుడొస్తుంది చూడు."

ఆ గొంతు నాగవల్లి ఎన్నడూ విని ఉండలేదు. పిల్లలు భోజనాలకు లేచి వెళ్లారు. అక్షయ పిలిచినా అతను కదల్లేదు. పోలీసులొచ్చేసరికి గదిలో ఆడుతున్నది కుటుంబరావు ఒక్కడే.

"పేకాట ఆడుతున్నారని ఫోన్ చేసిందెవరండి?" అన్నాడు ఎస్సై.

"నేనేనండి," అన్నాడతను, చేతిలో ముక్క దించకుండా.

అక్షయ ఎంత చెప్పినా ఎస్సైకి సగమే అర్థమైంది. ఎందుకైనా మంచిదని కట్టలూ పిక్కలూ మూటగట్టి స్టేషనుకు తీసుకుపోయాడు. ఆమె పరిశోధన అక్కడితో ఆగిపోయింది.

తిరుగు బస్సులో నాగవల్లి కిటికీ పక్కన కూర్చుంది.

"నాన్నా, ఇదివరకు ఆడేవాడివా?"

"లేదమ్మా."

ఆమె అతని వైపు తిరగలేదు. "అమ్మకు చెప్పన్లే," అంది.

కుటుంబరావు తల దించుకున్నాడు. ఎస్సై లాక్కున్న ఆ ఆఖరి ముక్క తిరగేసి ఉంటే మాత్రం పోయినవన్నీ వచ్చేసేవని, బస్సు చిల్లకల్లు దాటాక కూడా అతనికి అనిపిస్తూనే ఉంది.