రెబెక్కమ్మ పిన్ని బీపీ బిళ్లలు, సుశీల్ మారువేషం

"ఈ సముద్రతీరంలో నేరం ఇంకా మిగిలుందంటే, నేను దయతలచి వదిలేసినందుకేరా ఆండ్రూ!" అన్నాడు సుశీల్ కుమార్, నా కొట్టు ముందున్న రొయ్యల మేత మూట మీద కాలుపెట్టి. నేరస్థుల సంగతేమో గానీ, వీడికి స్నేహితుణ్ణైన నేరానికి నేను ఏళ్ల తరబడి శిక్ష అనుభవిస్తున్నాను.

ఈ కేసు మా తోటపల్లి గూడూరు చర్చిలో మొదలైంది. డాక్టరు చీటీ అడక్కుండా బీపీ బిళ్లలు సగం ధరకే ఇంటికి పంపే వెబ్‌సైటును దేవుడు చూపించాడని రెబెక్కమ్మ పిన్ని ఆదివారం సాక్ష్యం చెప్పింది. సంఘమంతా హల్లెలూయా అంది. సగం సంఘం ఆర్డరు కూడా పెట్టింది.

కొన్నాళ్లకు పిన్ని ఆరాధన మధ్యలోనే కళ్లు తిరిగి పడిపోయింది. నెల్లూరు ఆసుపత్రివాళ్లు బిళ్లల్ని పరీక్ష చేయిస్తే, మందు తప్ప అన్నీ ఉన్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే పక్షవాతం వచ్చేదన్నారు. అయినా మిగతావాళ్లు మానితేనా? దేవుడు చూపించిన సైటు కదా! నేను ఫిర్యాదు పట్టుకుని జిల్లా మందుల తనిఖీ ఆఫీసుకు వెళితే, "ఆ అంగడి మన జిల్లాలో ఉందా?" అని అడిగి పంపేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. గతిలేక సుశీల్‌కి చెప్పాను.

వాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఆ వెబ్‌సైటు పేరు ఎవరిదో ఫోన్‌లో వెతికాడు. యజమాని వివరాలు దాచేసి ఉన్నాయి. సైటుకు ఆ పేరు అమ్మిన కంపెనీ, ఆ కంపెనీకి ఫిర్యాదులు పంపే ఈమెయిల్ మాత్రం కనిపించాయి.

"దొరికినాడు! వీడే ముఠా నాయకుడు!"

"అది ఫిర్యాదులు తీసుకునేవాళ్లది రా."

"దొంగ ఎక్కడన్నా దొంగనని బోర్డు పెట్టుకుంటాడా? మారువేషంలో వాడి గుహలోకి దూరతా, చూడు!"

మారువేషమంటే ఈమెయిలే. 'నేనూ మీలాంటివాణ్ణే. చీటీ లేకుండా మందులమ్ముతా. పొత్తు కలుద్దాం' అని రాసి, సొంత పేరు, ఫోన్ నంబరు, చిరునామా ఇచ్చాడు. తమ గుట్టంతా వీడి గుప్పెట్లో ఉందని ముఠా వణకాలట, అందుకని బిళ్లల ఫోటో, ఆర్డరు రసీదు, పరీక్ష కాగితం జతచేశాడు.

వారం తిరక్కుండా సైటు మాయమైంది. కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఇంత పక్కా ఆధారాలు ఇంతవరకూ ఎవరూ పంపలేదట. ఆ పేరు ఆపేసి, ముఠా వేరే సైట్లకు పేర్లు కొనుక్కున్న కంపెనీలన్నిటికీ కబురుపెట్టి, ఆ సైట్లనీ మూయించారట. 'మీ సొంత వ్యాపారం గురించి కూడా మీ జిల్లా అధికారులకు తెలియజేశాం' అని చివర్లో ఉంది.

సుశీల్ చివరిదాకా చదివితే గదా! "చూసినావా, నా పేరు వినంగానే పారిపోయినారు!" అంటుండగా జీపు ఆగింది. నా ఫిర్యాదుకు కదలని ఆఫీసే! డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వనజాక్షి గారు దిగారు.

"దొంగమందులు అమ్మే సుశీల్ కుమార్ ఎవరు?"

"అది మారువేషం మేడమ్!"

"దొరికినోళ్లందరూ ఏదో ఒకటి చెప్తారు. ఎక్కు జీపు."

అప్పుడొచ్చింది రెబెక్కమ్మ పిన్ని. అసలు మందు పడ్డాక మనిషి బాగా తేరుకుంది.

"ఆ బిళ్లలు మింగి పడిపోయింది నేనేనమ్మా, నన్నడుగు. వీణ్ణి పుట్టినకాణ్ణించీ చూస్తా ఉండా. దొంగ యాపారం చెయ్యాలంటే తెలివుండాల గదా తల్లీ, వీడికి యాడుంది?"

వనజాక్షి గారు సుశీల్‌ని ఎగాదిగా చూసి, ఇంకో ప్రశ్న వెయ్యకుండా జీపెక్కి వెళ్లిపోయారు.