రెండక్షరాలకు మించని పేర్లు

పాలమూరు జిల్లాలో ఇకపై ఒక్క బోగస్ రేషన్ కార్డు కూడా మిగలబోదని ఆత్మకూర్ సభలో మంత్రిగారు ప్రకటించారు. తొంభైల నడుమ, జిల్లాలకు కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. ప్రకటించి ఊరుకోకుండా కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, స్వహస్తాలతో మీట నొక్కారు. ఆరు నిమిషాల్లో మండలంలోని ఇరవై ఆరు వేల కార్డులూ రద్దయ్యాయి.

"చూసిండ్రా సార్! మండలానికి మండలమే బోగస్!" అని ఆనందం పట్టలేక అరిచాడు బోగస్ నిర్మూలన ప్రత్యేకాధికారి ఐలేశం. మంత్రిగారు ఆయన భుజం తట్టారు.

కంప్యూటర్ ఆపరేటర్ రబియా ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. రద్దయిన జాబితా రెండో పేజీలో వాళ్ల నాయిన పేరు కనబడింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు ముందు జనం. అందరికంటే ముందు తాళాలు బాగుచేసే చోటే మియా. ఇంట్లో ఆరుగురు తినేవాళ్లు. కంట్రోలు బియ్యం రాకపోతే పొయ్యి వెలగదు.

"జర సూడుండ్రి సాబ్, నేను ఉన్ననా, లేనా?"

ఐలేశం కళ్లద్దాలు సవరించుకుని అతన్ని పైనుంచి కిందిదాకా పరిశీలించాడు. "నాకైతే ఉన్నట్టే కనబడుతున్నవ్. కానీ నేను మనిషిని గద మియా, పొరబడొచ్చు. కంప్యూటర్ పొరబడదు."

ఆ మాట రబియాకు మింగుడుపడలేదు. ఐలేశం హైదరాబాద్‌లో పదకొండు రోజుల శిక్షణ పొంది వచ్చి, తన చేత్తో రాసిన ప్రోగ్రాం అది. తప్పుందని నోటితో చెబితే వినడు. అందుకని రెండు రోజులు కూర్చుని ఇంకో ప్రోగ్రాం రాసింది. ఆయన ప్రోగ్రాంను అక్షరమక్షరం చదవడం దీని పని. పేర్లు వెతికే సూత్రాల్లో కొన్ని గుర్తుల ముందు పెట్టే వెనక్కి వాలిన గీత ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట ఉన్నా, అది ఎన్నో వరుసో అచ్చు వేస్తుంది. నడిపి చూస్తే పదిహేడో వరుస బయటపడింది. ఆ కాగితం పట్టుకుని ఐలేశం గదిలోకి వెళ్లింది.

"సార్, రేషన్ డీలర్లు మనుషులు లేని కార్డులల్ల పేరు జాగల మూడు చుక్కలు పెట్టిండ్రు. గవి ఏరెయ్యాలనే గద మీరు మూడు చుక్కలు రాసింది?"

"అవ్. సొంత బుర్రతోని రాసిన."

"కంప్యూటర్‌కు చుక్కంటే చుక్క కాదు సార్. ఏదో ఒక అక్షరమని అర్థం. ఉత్త చుక్కే కావాలంటే దాని ముందట గీత పెట్టాలె. మీరు పెట్టలే. ఇంగ్లిష్‌ల మూడక్షరాలు, అంతకన్నా ఎక్కువున్న పేర్లన్నీ గందుకే పోయినయి."

"ఎంత గీత?"

"చీమంత సార్. మూడు గీతలు పెట్టి మళ్ల నడిపిస్తే నిజంగ ఉన్న మనుషుల కార్డులన్నీ తిరిగొస్తయి. ఐదు నిమిషాల పని."

ఐలేశం దీర్ఘంగా ఆలోచించాడు. "మంత్రిగారు ప్రారంభించింది గీతల్లేని ప్రోగ్రాం. గీతలు పెడితే అది వేరే ప్రోగ్రాం అయితది. మళ్ల ప్రారంభించాలె, మళ్ల కొబ్బరికాయ కొట్టాలె. అంటే మొదటి కొబ్బరికాయ తప్పని మనమే ఒప్పుకున్నట్టు గాదా?"

"మరి జనాల బియ్యం సార్?"

"ప్రోగ్రాంను మార్చలేం రబియా. జనాన్ని మార్చొచ్చు."

ఇంతటి మాట సామాన్యుల నోట రాదు. మధ్యాహ్నానికల్లా సర్క్యులర్ వెలువడింది: లబ్ధిదారులు తమ పేర్లను ఇంగ్లిష్‌లో రెండక్షరాలకు మించకుండా కుదించుకుని కొత్త కార్డులు పొందవలెను.

పేర్లు కుదించుకోవడానికి నాలుగు రోజులు జనం వరుస కట్టారు. లక్ష్మీనర్సమ్మ ఎల్ఎన్ అయింది. "మా అవ్వ పెట్టిన పేరు సారూ, గిట్ల కోస్తరా?" అని ఏడుస్తూనే ఈదమ్మ ఈడీ అయింది. రబియా తలెత్తకుండా టైపు కొట్టింది. చోటే మియా సీఎం అయ్యాడు.

కొత్త జాబితా హైదరాబాద్ చేరిన మూడో రోజు పత్రికలన్నిట్లో మొదటి పేజీ వార్త: సీఎం గారు ఆత్మకూర్‌లో తెల్ల కార్డు తీసుకున్నారు, పేదలు తినే బియ్యమే తామూ తినబోతున్నారు! మంత్రిగారు సభ పెట్టి, ఈ నిరాడంబరత గురించి గద్గద స్వరంతో నలభై నిమిషాలు మాట్లాడారు. ఆత్మకూర్ డీలర్ సీఎం కార్డు మీది బియ్యం మూటకు పూలదండ వేసి బల్ల మీద పెట్టాడు. కాపలాకు కానిస్టేబుల్ వచ్చాడు.

చోటే మియా సంచి పట్టుకుని వెళ్లాడు. "నా బియ్యం ఇయ్యుండ్రి సాబ్."

"దూరం జరుగు," అన్నాడు కానిస్టేబుల్. "గవి సీఎం గారివి."

"నేనే సాబ్, సీఎం," అని కొత్త కార్డు చూపించాడు చోటే మియా.

సాయంత్రానికి అతను లాకప్‌లో ఉన్నాడు. ఠాణాలో టైపు మిషను చెడిపోవడంతో ఫిర్యాదు ఐలేశం ఆఫీసులోనే టైపు చేయాల్సి వచ్చింది. నిందితుడి పేరు రాసే చోట, సీఎం అని కొట్టాలో చోటే మియా అని కొట్టాలో తెలియక రబియా వేళ్లు ఆగిపోయాయి.

ఐలేశం వెనకనుంచి వంగి చూశాడు.

"పూర్తి పేరు కొట్టమ్మా," అన్నాడు ఎంతో దయగా. "కేసుకు ఎంత పొడుగైనా ఫరవాలేదు. తండ్రి పేరు గూడ కొట్టు."